బండి లొడలొడ వెనక బోల్టు లెక్క

మెదక్ రాందాస్ చౌరస్తాలో కాసేపు నిలబడితే బండ్ల వయసు చెవితోనే చెప్పొచ్చు. కొత్త బండిది ఒక్క ఇంజిన్ చప్పుడే. నాలుగేళ్ళు దాటాక దానికి తోడు మరికొన్ని చేరతాయి. నంబరు ప్లేటు గలగలమంటుంది, సైడ్ కవరు టకటకలాడుతుంది, హెడ్‌లైట్ డూమ్ ఒక వేగం దగ్గర సన్నగా జుయ్‌మని రొద పెడుతుంది. స్పీడ్ బ్రేకరు మీద అన్నీ కలిసి ఒక్కసారి లొడ్డుమంటాయి. ఏపీ 23 నంబరుతో, అంటే ఉమ్మడి మెదక్ జిల్లా నాటి నంబరుతో ఇంకా తిరుగుతున్న బండ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

‘అన్నా, జర గట్టిగ బిగించు’ అని మెకానిక్‌కి అప్పజెప్పడం, ఆయన పానాతో అరచుట్టు తిప్పి ఇవ్వడం, నెల తిరక్కుండా అదే చప్పుడు మళ్ళీ మొదలవడం చాలామందికి అలవాటైపోయింది. ఈసారి ఇంకా గట్టిగా బిగిస్తారు. కవరు పగులుతుంది. అసలు చిక్కు బిగింపు చాలకపోవడంలో లేదు. ఇనుముకు కావలసింది బిగింపు, ప్లాస్టిక్‌కు కావలసింది పట్టు. రెండింటినీ ఒకే పానాతో ఒకే తీరున తిప్పితే ఇనుము వదులవుతుంది, ప్లాస్టిక్ విరుగుతుంది. ఈ తేడా తెలిస్తే సగం మరమ్మతు ఇంటి ముందు నీడలోనే అయిపోతుంది.

ముందు బండి ఎందుకంత వణుకుతుందో చూద్దాం. మన రోడ్ల మీద కనిపించేవి ఎక్కువగా 100 నుంచి 125 సీసీ బండ్లు. అన్నిటికీ ఒకటే సిలిండర్. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చినప్పటి నుంచి ఊళ్ళకు అలవాటైన నమూనా ఇది. ఒక్క పిస్టన్ పైకి వెళ్ళి ఆగి, కిందికి వచ్చి ఆగి, మళ్ళీ పైకి పోతుంటే ఆ విసురు మొత్తం ఇంజిన్ మీద, అక్కణ్ణుంచి చాసిస్ మీద పడుతుంది. దాన్ని సరిచేయడానికి పిస్టన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంకు మీద ఎదురు బరువు పెడతారు. అయితే పిస్టన్ ఒకే గీత మీద ఆడుతుంది, ఎదురు బరువు గుండ్రంగా తిరుగుతుంది. ఆ గీత మీది వణుకును పూర్తిగా చంపేటంత బరువు పెడితే అదే వణుకు అడ్డంగా లేస్తుంది. అందుకని ఇంజనీర్లు దాదాపు సగం సరిచేసి, మిగిలినదాన్ని రెండు దిక్కులకూ పంచేస్తారు.

ఇంజిన్ నిమిషానికి 4,500 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 75 కుదుపులు. మెదక్ నుంచి నర్సాపూర్ మీదుగా హైదరాబాద్‌కు రెండు గంటల ప్రయాణం అనుకున్నా, బండి మీదున్న ప్రతి బోల్టూ 5 లక్షలకు పైగా కుదుపులు తిని చేరుతుంది. గుంతల లెక్క దీనికి అదనం. బుల్లెట్ నడిపేవాళ్ళకు ఇది కొత్త కాదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియర్ 350తో తెచ్చిన ఇంజిన్‌లో ఈ వణుకుకు ఎదురు తిరిగే బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టింది. అంతకు ముందు బుల్లెట్లు ఉన్నవాళ్ళు డిక్కీలో పానాలు లేకుండా ఊరు దాటేవారు కారు!

అట్ట మీద అగ్గిపెట్టె

కవర్లు, బ్రాకెట్లు బిగించే బోల్టుల్లో చాలావరకు ఎం6 రకం. మర ఉన్న కాడ మందం 6 మిల్లీమీటర్లు, ఒక చుట్టు తిప్పితే 1 మిల్లీమీటరు లోపలికి పోతుంది. మరను విప్పి పరిచామనుకుంటే, దాదాపు 17 మిల్లీమీటర్ల నడకకు 1 మిల్లీమీటరు ఎక్కే వాలు అది. కోణంలో చెప్పాలంటే మూడున్నర డిగ్రీలకు కాస్త తక్కువ. ఇనుము మీద ఇనుము ఎనిమిది డిగ్రీల వాలు దాకా జారకుండా నిలుస్తుంది. అంటే బిగించిన బోల్టు తనంతట తాను తిరిగి ఊడిపోవడానికి వీల్లేదు. మరి ఎలా ఊడుతోంది?

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. పిల్లల పరీక్ష అట్ట తీసుకుని ఒక వైపు కొద్దిగా ఎత్తి పట్టుకోండి. దాని మీద అగ్గిపెట్టె పెట్టండి. జారకుండా నిలిచేంత వాలే ఉంచండి. ఇప్పుడు వాలు మార్చకుండా అట్టను పక్కలకు అటూ ఇటూ జాడించండి. పెట్టె పక్కకు మాత్రమే కదలాలి కదా? కానీ ప్రతి జాడింపుకూ కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. పెట్టెను ఆపుతున్న ఘర్షణకు ఉన్న బలం ఇంతేనని ఒక హద్దు ఉంది. వస్తువు ఎటు జారితే అటు అడ్డుపడడానికే ఆ బలం ఖర్చవుతుంది. పక్కకు జారుతున్న ఆ క్షణంలో కిందికి లాగే బరువును ఆపడానికి దాని దగ్గర దాదాపు ఏమీ మిగలదు.

బోల్టు మరలోనూ జరిగేది ఇదే. 1969లో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ ఈ సంగతిని యంత్రం మీద చూపించాడు. అంతకు ముందు బోల్టు నిలువునా లాగినప్పుడు కలిగే కుదుపు వల్లే వదులవుతుందని ఎక్కువమంది అనుకునేవారు. యుంకర్ బిగించిన రెండు రేకులను బోల్టుకు అడ్డంగా అటూ ఇటూ జరిపాడు. జరుగు కాస్త పెద్దదైతే చాలు, గట్టిగా బిగించిన బోల్టు కూడా కొన్ని వందల కుదుపుల్లోనే ఎవరూ తాకకుండా తిరిగి వదులైపోయింది. బోల్టుల పట్టును పరీక్షించే యంత్రాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

యుంకర్ చెప్పినదాన్ని మన బండికి వర్తింపజేస్తే తేలేది ఒకటే. బోల్టు కింద రెండు భాగాలు ఒకదాని మీద ఒకటి జారకపోతే బోల్టు తిరగదు. జారకుండా ఆపేది బోల్టు తల కాదు, వాషర్ కూడా కాదు. బిగించినప్పుడు బోల్టు సాగి, స్ప్రింగులా రెంటినీ కలిపి నొక్కే బలం. మామూలు ఎం6 బోల్టును మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో పానా పట్టుకుని, 10 కిలోల బరువు తూగేంత బలంతో తిప్పితే, అది లోపల దాదాపు ఎనిమిది క్వింటాళ్ళ బరువుతో సమానమైన నొక్కుడు పుట్టిస్తుంది. నమ్మబుద్ధి కాదు గానీ లెక్క సరైనదే. విచిత్రమేమంటే మన చేతి బలంలో నొక్కుడుగా మారేది సుమారు పదో వంతు. సగం తల కింద రాపిడికి, మరో నలభై శాతం మరలో రాపిడికి పోతుంది. అందుకే నూనె రాసిన మరను అదే బలంతో తిప్పితే బోల్టు అతిగా సాగుతుంది, లేదా మర తెగిపోతుంది, మెకానిక్‌లు అన్నట్టు ‘చూడీలు పోతయ్’.

ఇంకో లెక్క కూడా ఉంది. ఇంత నొక్కుడు పెట్టడానికి బోల్టు ఎంత సాగుతుందంటే, 20 మిల్లీమీటర్ల పొడవుకు 0.04 మిల్లీమీటరు. తల వెంట్రుక మందం కంటే తక్కువ. కాబట్టి తల కింద పెయింటు పొరో, ఎండిన బురదో ఉండి, అది కుదుపులకు నలిగి 0.02 మిల్లీమీటరు అణిగినా సగం నొక్కుడు ఆవిరైపోతుంది. ఇక జారుడు మొదలు, ఆ తర్వాత తిరుగుడు. లెగ్ గార్డు, సైలెన్సర్ క్లాంపు, మడ్‌గార్డు బ్రాకెట్ వంటి ఇనుప భాగాలు వదులైతే ఊరికే బిగించొద్దు. విప్పి, తల కింద, బ్రాకెట్ కింద వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, అప్పుడు బిగించండి. రెండోసారి వదులయ్యే బోల్టులకు నూటికి తొంభై సార్లు మందు అదే అంటే అతిశయోక్తి అవుతుందేమో గానీ, ముందుగా చేయాల్సింది మాత్రం అదే.

స్ప్రింగ్ వాషర్ మీద మనవాళ్ళకు ఉన్నంత నమ్మకం ఇంజనీర్లకు లేదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1990లో వేసిన బోల్టుల మాన్యువల్ దీన్ని మొహమాటం లేకుండా తీసిపారేసింది. బోల్టు పూర్తిగా బిగుసుకునేసరికి ఆ వాషర్ చదునైపోయి మామూలు వాషర్‌గా మిగులుతుందని, తిరగకుండా ఆపడంలో దాని పాత్ర లేదని దాని వాదన. నైలాన్ నట్టు నయం. లోపలున్న నైలాన్ రింగు మరను పట్టుకుని, నొక్కుడు పోయినా నట్టు ఊడి పడకుండా ఆపుతుంది. అయితే రెండు షరతులు. దాదాపు 120 డిగ్రీలు దాటితే నైలాన్ మెత్తబడుతుంది కాబట్టి సైలెన్సర్ దగ్గర వాడకూడదు. వేళ్ళతోనే చివరిదాకా తిరిగేంత అరిగితే పారేయాలి.

మరలో వేసే ద్రవం సంగతి మరీ తమాషా. అమెరికాలో హార్ట్‌ఫోర్డ్ పట్టణంలోని ట్రినిటీ కాలేజీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ వెర్నన్ క్రీబుల్ 1953లో దీన్ని తయారుచేశాడు. లాక్‌టైట్ పేరు దానిదే. మామూలు జిగురు గాలి తగిలితే గట్టిపడుతుంది. ఇది గాలి ఉన్నంతసేపూ ద్రవంగానే ఉండి, గాలి ఆడని చోట ఇనుము తగిలితే గట్టిపడుతుంది. అందుకే ఆ సీసాను నిండా నింపరు. పైన గాలి వదిలేస్తారు. ఇంటి పనికి నీలం రంగుది తీసుకోండి. మళ్ళీ పానాతో విప్పొచ్చు. ఎరుపు రంగుది వేస్తే వేడి పెడితే తప్ప కదలదు. ఒక్క చుక్క చాలు. కానీ ఆ చుక్క ప్లాస్టిక్ కవరు మీద మాత్రం పడకూడదు. ఎందుకో చెప్పాలంటే ప్లాస్టిక్ కథలోకి వెళ్ళాలి.

ప్లాస్టిక్‌ది వేరే లెక్క

సైడ్ కవరు విప్పి వెనక చూడండి. అచ్చులో పోసిన చిన్న ఇంగ్లిష్ అక్షరాలు ఏబీఎస్ అనో పీపీ అనో కనిపిస్తాయి. బ్రేకుల ఏబీఎస్ కాదు, ఇది మెరుపు పెయింటు పట్టే గట్టి ప్లాస్టిక్. సైడ్ కవర్లు, తోక ప్యానెళ్ళు చాలావరకు దీనివే. పీపీ అంటే పాలీప్రొపిలీన్. కుర్చీలు, బకెట్లు చేసేది అదే. నల్లగా పెయింటు లేకుండా ఉండే లోపలి మడ్‌గార్డుల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

ప్లాస్టిక్‌కు రెండు బుద్ధులున్నాయి. ఒకటి, నొక్కి ఉంచితే నెమ్మదిగా అణిగిపోతుంది. బోల్టు తల కింద ఈ రోజు ఉన్న మందం మూడు నెలల తర్వాత ఉండదు. 0.02 మిల్లీమీటరుకే సగం నొక్కుడు పోయే చోట ఇక చెప్పేదేముంది? రెండోది, ఎండకు ఇనుము కంటే ఆరేడు రెట్లు ఎక్కువ సాగుతుంది. 30 సెంటీమీటర్ల ఏబీఎస్ కవరు, పొద్దున చల్లగా ఉన్నప్పటి కంటే ఏప్రిల్ మధ్యాహ్నం కలెక్టరేట్ ముందు ఎండలో నిలబెట్టినప్పుడు 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుంటే, సుమారు 1 మిల్లీమీటరు పొడవు పెరుగుతుంది. కింద ఉన్న చాసిస్ అంతే పొడవుకు 0.15 మిల్లీమీటరు కూడా పెరగదు. కవరును రెండు చివర్లా గట్టిగా బిగించేస్తే ఆ తేడా ఎక్కడికి పోవాలి? బోల్టు పక్కన పగులుగా బయటపడుతుంది.

బండి తయారుచేసినవాళ్ళకు ఇది తెలుసు. అందుకే కవరు బిగించే చోట మూడు జాగ్రత్తలు తీసుకుంటారు. ప్లాస్టిక్ రంధ్రం బోల్టు కంటే బాగా పెద్దదిగా ఉంటుంది. రంధ్రం అంచున గాడి ఉన్న రబ్బరు బుష్ కూర్చుంటుంది. ఆ రబ్బరు మధ్యలో వేలి కొసంత ఇనుప గొట్టం, దాన్నే కాలర్ అంటారు. బోల్టు నొక్కేది ఈ కాలర్‌నే. కాలర్ చాసిస్‌కు ఇనుము మీద ఇనుముగా గట్టిగా బిగుసుకుంటుంది. ప్లాస్టిక్ మాత్రం రబ్బరు గాడిలో ఉయ్యాలలా కాస్త ఆడుతూ, ఊడిపోకుండా ఉంటుంది. బోల్టు బిగువుగానూ కవరు స్వేచ్ఛగానూ ఉండే ఏర్పాటు ఇది. బండి మీద ఇంతకంటే తెలివైన చిన్న భాగం నాకు కనిపించలేదు.

ఒకసారి విప్పినప్పుడు ఆ కాలర్ దొర్లి మట్టిలో పడుతుంది. ఎవరూ గమనించరు. ‘బోల్టు ఉంది కదా’ అని అలాగే బిగించేస్తారు. ఆ రోజు నుంచే లొడలొడకు పునాది పడుతుంది. సైడ్ కవరు చప్పుడు చేస్తుంటే మొదట చూడాల్సింది రంధ్రంలో ఆ ఇనుప గొట్టం ఉందా లేదా అని. లేకపోతే స్పేర్ పార్ట్స్ దుకాణంలో కొద్దిపాటి డబ్బుకే దొరుకుతుంది. దొరికేదాకా అంతే ఎత్తుకు చిన్న వాషర్లు పేర్చినా పని నడుస్తుంది. రబ్బరు బుష్‌ను గోటితో నొక్కి చూడండి. గుంట పడి వెంటనే లేస్తే బాగున్నట్టు. గోరు దిగకపోతే అది గట్టిపడి రాయిలా అయిపోయిందన్నమాట. దాన్ని మార్చాలి. కొత్త బుష్ గాడిలోకి దూరకపోతే సబ్బు నీళ్ళు రాయండి. గ్రీజు, డీజిలు వద్దు, చాలా రకాల రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది.

మన దగ్గర బండి కడిగాక మెరుపు కోసం డీజిలో పెట్రోలో గుడ్డకు అద్ది తుడిచే అలవాటొకటి ఉంది. బిగువులో ఉన్న ఏబీఎస్‌కు పెట్రోలు తగిలితే బోల్టు చుట్టూ సన్నటి గీతల్లాంటి పగుళ్ళు వస్తాయి. మర జిగురు చుక్క చేసేదీ అదే కీడు. ఈ తుడుపు ఎవరు మొదలుపెట్టారో గానీ మానేయడమే మంచిది.

దొంగ చప్పుడు

చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో తేలకుండా పానా ముట్టుకోవద్దు. మెయిన్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్ నడపండి. ఒకరు రేసు నెమ్మదిగా పెంచుతూ చప్పుడు బాగా వచ్చే చోట ఆపాలి. ఇంకొకరు డూమ్, కవర్లు, నంబరు ప్లేటు, చెయిన్ కవరు ఒక్కొక్కటిగా అరచేత్తో నొక్కి చూడాలి. దేన్ని నొక్కితే చప్పుడు ఆగుతుందో దొంగ అదే. సైలెన్సర్‌కు, తిరిగే వెనక చక్రానికి, చెయిన్‌కు చేయి దూరంగా ఉంచండి. చున్నీ, లుంగీ కొసలు కూడా!

కొన్ని భాగాలు ఒకే వేగం దగ్గర అరుస్తాయి, అది దాటగానే నోరు మూస్తాయి. ప్రతి కవరుకూ తనకంటూ ఒక ఊపు ఉంటుంది. ఇంజిన్ కుదుపులు సరిగ్గా ఆ లెక్కతో కలిసినప్పుడు చిన్న కదలిక పెద్దదవుతుంది. మూడు చోట్ల పట్టున్న కవరుకు ఆ ఊపు ఇంజిన్ రోజూ తిరిగే వేగాలకు పైన ఉండేలా చేస్తారు. ఆ పట్టునిచ్చే లాకుల్లో ఒకటి విరిగితే బిగువు తగ్గి ఆ ఊపు కిందికి దిగి, మీరు రోజూ నడిపే వేగానికే తగులుతుంది. విరిగినదాన్ని అతికేదాకా పాత సైకిలు ట్యూబు ముక్క కవరు వెనక పెట్టి చూడండి. ట్యూబులు చేసే బ్యూటైల్ రబ్బరుకు కదలికను వేడిగా మార్చి మింగేసే గుణం మిగతా రబ్బర్ల కంటే ఎక్కువ. నంబరు ప్లేటు వెనకా ఇదే వైద్యం. ప్లేటుకున్న స్నాప్ లాకులు మాత్రం తెంచొద్దు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు వస్తున్న హై సెక్యూరిటీ ప్లేట్ల లాకు ఒకసారి తెగితే మళ్ళీ పడదు.

విరిగిన కవరు లాకు విషయానికొస్తే, చాలామంది చేయి ఫెవిక్విక్ వైపు వెళ్తుంది. ఈ జాతి జిగురును 1942లో కొడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురి అద్దాల కోసం వెతుకుతూ కనిపెట్టి, అన్నిటికీ అంటుకుపోతోందని విసుక్కుని పక్కన పెట్టింది. గాలిలోని తేమతో క్షణాల్లో గట్టిపడుతుంది. లాగుడుకు బాగా నిలుస్తుంది, కానీ పెళుసు. సెకనుకు 75 కుదుపులు తినే చోట అద్దంలా విరుగుతుంది. ఏబీఎస్‌కు అంతకంటే మంచిది అసిటోన్. అదే రకం ప్లాస్టిక్ తునకలు గాజు సీసాలో వేసి, మునిగేంత అసిటోన్ పోసి మూతపెడితే కొన్ని గంటల్లో పేస్టులా అవుతుంది. దాన్ని పగులు వెనక వైపు పూసి ఒక రోజు కదపకుండా ఉంచితే, అసిటోన్ ఎగిరిపోయి ప్లాస్టిక్ ప్లాస్టిక్‌తోనే కలిసిపోతుంది. అది జిగురు అతుకు కాదు, ఒక రకం వెల్డింగే. పెయింటు వైపు తగిలితే రంగు లేచిపోతుంది. ఇంకా ముఖ్యం, అసిటోన్ పెట్రోలంత సులువుగా అంటుకుంటుంది. కాబట్టి ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి.

పీపీకి అసిటోనూ పనిచేయదు, మామూలు జిగుర్లూ పట్టవు. దాని మీద ఏదీ తడిసి పరచుకోదు. బకెట్లు, కుర్చీలు అతుకుతామని వీధుల్లో తిరిగేవాళ్ళు ఎప్పుడైనా జిగురు వాడారా? ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీ, అదే రకం ప్లాస్టిక్ ముక్క, అంతే. పీపీకి సరైన పద్ధతి వాళ్ళదే. సోల్డరింగ్ ఐరన్ ఉంటే మీరూ చేయొచ్చు, పొగ పీల్చకండి.

ఏ ప్లాస్టిక్ అయినా, అతికే ముందు పగులు చివర ఎక్కడుందో వెతికి అక్కడ 2 లేక 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. పగులును ఆపడానికి రంధ్రమా అనిపిస్తుంది. చార్లెస్ ఇంగ్లిస్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1913లో ఓడల రేకుల పగుళ్ళ మీద కట్టిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. పగులు కొస ఎంత పదునుగా ఉంటే ఒత్తిడి అక్కడ అంతగా పోగుపడుతుంది. గుండ్రటి రంధ్రం అంచున అది సుమారు మూడు రెట్లకే పరిమితమవుతుంది. కొసను గుండ్రం చేస్తే పగులుకు ముందుకు పోయే బలం తగ్గుతుంది.

ప్లాస్టిక్‌లోకే నేరుగా దిగే స్క్రూలకు ఒక చిన్న కిటుకు. పెట్టగానే కుడికి తిప్పొద్దు. ముందు నెమ్మదిగా ఎడమకు తిప్పండి. ఒక చోట స్క్రూ సన్నగా టక్కున కిందికి జారుతుంది. పాత మర మొదలు అదే. అక్కణ్ణుంచి కుడికి తిప్పితే పాత దారిలోనే పోతుంది. లేకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ, నాలుగోసారికి రంధ్రం గుల్ల అవుతుంది. కేబుల్ టై దారి మధ్యలో ఆదుకోవడానికే, శాశ్వతానికి కాదు. 1958లో విమానాల వైర్ల కట్టల కోసం పుట్టిన వస్తువది. వాడితే నల్లవే వాడండి. తెల్లవి మన ఎండకు త్వరగా పెళుసెక్కి తెగిపోతాయి.

బ్రేకులు, యాక్సిల్, హ్యాండిల్, ఫుట్‌రెస్ట్ బోల్టులు మాత్రం ఇంటి పని కాదు. అవి వదులని అనుమానమొస్తే మెకానిక్ దగ్గరికే వెళ్ళాలి. చీర గార్డు చప్పుడు చేస్తోందని తీసి అటక మీద పడేసేవాళ్ళున్నారు. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా, వెనక చక్రంలో కనీసం సగమైనా కప్పే అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. శివరాత్రికి ఏడుపాయల జాతరకు ఇంటిల్లిపాదీ బండెక్కి వెళ్ళే మన జిల్లాలో దాన్ని విప్పడం కంటే, నైలాన్ నట్టు వేసి బిగించడమే తెలివైన పని.

అన్నీ బిగించాక గోళ్ళ రంగుతో బోల్టు తల మీద నుంచి పక్కనున్న బ్రాకెట్ మీదికి ఒకే గీత గీయండి. విమానాల దగ్గరా, కార్ఖానాల్లోనూ ఇదే చేస్తారు. నెలకోసారి చూడండి. తల మీది గీత, బ్రాకెట్ మీది గీత విడిపోతే బోల్టు తిరిగినట్టు, అప్పుడు విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించండి. గీత కలిసే ఉంటే ఆ బోల్టు జోలికి పోకండి.